మేనేజరు బరువు

ఆ వానాకాలమంతా నేను తెల్లవారగానే ఒక చెంచా, పది చిన్న డబ్బాలు పట్టుకుని పిల్లుల వెనకాల తిరిగాను. నవ్వితే నవ్వండి, మా వీధి మొత్తం నవ్వింది. మూలింటి దర్జీ అయితే నేను కనబడగానే మిషను ఆపి, "ఏమ్మా, ఇవాళ దొరికిందా?" అని వీధి చివరిదాకా వినపడేలా అడిగేవాడు. దొరికిందంటే పాపం నిజంగానే సంతోషించేవాడు.

పశువుల ఆసుపత్రి ల్యాబులో నా ఉద్యోగం. మలం పరీక్ష చేసి కడుపులో ఏ పురుగులున్నాయో చెప్పడం నా పని. గొప్పగా చెప్పుకునే పనేమీ కాదు, పెళ్లిచూపుల్లో మా అమ్మ "ప్రభుత్వ ల్యాబులో" అని అక్కడితో ఆపేసింది. కానీ పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఒక్క చూపు చూశానంటే ఇది ఏలికపాము గుడ్డు, ఇది బద్దెపురుగుది, ఇది ఉత్త గాలిబుడగ అని చెప్పేయగలను. కొత్తగా వచ్చిన డాక్టరు కుర్రవాడు నా కాగితాల మీద చూడకుండానే సంతకం పెట్టేవాడు. "మీరు చూశారంటే ఇంక నేనేం చూడాలి మేడమ్?" అనేవాడు. నాకూ అది బాగానే ఉండేది.

ఆ ఏడు పార్కు ఇసుకలో ఆడుకున్న పిల్లల పాదాల మీద ఎర్రటి వంకర గీతలు లేచాయి. ఒకటే దురద. పైగా ఆ గీత రోజూ కాస్త కాస్త ముందుకు జరిగేది. చర్మం డాక్టరు చూసి, ఇది పిల్లుల పేగుల్లో ఉండే కొంకిపురుగు పిల్ల, ఇసుకలోంచి చర్మంలోకి దూరింది అని తేల్చాడు. నగర కార్యాలయం మా ఆసుపత్రికి కాగితం పంపింది. పార్కు చుట్టుపక్కల నాలుగు వీధుల్లో దిక్కులేని పిల్లుల కడుపు సంగతి చూడండి, ఎక్కడ ఎక్కువుందో చెప్పండి, ఆ వీధి పిల్లుల్ని పట్టి ఊరిబయట షెడ్డుకి తోలేస్తాం అని దాని సారాంశం. మందు వేస్తే పోయే పురుగే. ఏ పిల్లి తిందో ఏది తినలేదో ఎవరు కనిపెట్టుకుని ఉంటారు అన్నారట.

ఆ నాలుగు వీధుల్లో ఒకటి మాది. మా వీధి పిల్లులంటే మా అత్తయ్య పిల్లులు.

మేముండే మేడ కింది భాగం పిండిమర. మామయ్య పోయినప్పటినుంచి అత్తయ్యే నడుపుతోంది. పిల్లుల్ని ఆవిడ పెంచలేదు, వాటంతటవే వచ్చాయి. గోధుమ బస్తాలున్న చోట ఎలుకలు, ఎలుకలున్న చోట పిల్లులు. పొద్దున ఏ రంగులో ఉన్నా సాయంత్రానికి అన్నీ పిండి పడి తెల్లబడేవి. మర ఆగాక బస్తాల మీద వరసగా కూర్చుని ఒళ్లంతా నాక్కుని మళ్లీ వాటి వాటి రంగుల్లోకి వచ్చేవి. వాటిలో పెద్దది, ఎడమ చెవి సగమే మిగిలిన ఆడపిల్లి. మర తెరిచే వేళకి వచ్చి త్రాసు పక్కన కూర్చుని, మూసేదాకా కదిలేది కాదు. అందుకని మా ఆయన దానికి మేనేజరు అని పేరు పెట్టాడు.

ఆ త్రాసు పాతకాలంది. రెండు పళ్లేలు, నడుమ ముల్లు. ఎలక్ట్రానిక్ తూకం కొనిస్తానని మా ఆయన నాలుగేళ్లుగా మొత్తుకుంటున్నా ఆవిడ ఒప్పుకోలేదు. ఏదిచ్చినా దానిమీద పెట్టాల్సిందే. ముప్ఫై ఏళ్లుగా వస్తున్న మనిషి చారెడు పిండి అడిగినా సరే, పళ్లెంలో పోసి, ముల్లు మీద వేలు పెట్టి, అది నిటారుగా నిలిచేదాకా ఊరుకునేది కాదు. మర కడిగే రోజున వారానికోసారి మేనేజర్ని కూడా పళ్లెంలో కూర్చోబెట్టి తూచేది. అది కూడా బుద్ధిగా కూర్చునేది.

"ఎందుకత్తయ్యా, చేతికి తెలియదా?" అని ఒకసారి అన్నాను.

"చేతికి తెలుసు. ముల్లుకి ఇంకా బాగా తెలుసు" అంది.

మనుషుల్ని నమ్మని మనిషి అనుకున్నాను. పదకొండేళ్ల కాపురంలో మా ఇద్దరి మధ్య పెద్ద గొడవలేమీ లేవు, పెద్ద మాటలూ లేవు. అసలు సంగతి చెప్పాలంటే నాకు ఆ మర అంటే ఒళ్లుమంట. పొద్దున్నించి సాయంత్రందాకా గచ్చు అదురుతూ ఉండేది. ఉతికి ఆరేసిన బట్టల మీద పిండి, దిండు గలీబు మీద పిండి, నా జుట్టు నిండా పిండి. ఆసుపత్రికి వెళ్తే "మేడమ్, తలలో తెల్లగా..." అని ఎవరో ఒకరు అనేవారు. "పిండి" అనేదాన్ని. మర మూతపడితే ఆసుపత్రి దగ్గర చిన్న ఫ్లాటు తీసుకోవచ్చని నాకు ఆశ. అమ్మ చేతనైనన్నాళ్లు నడపనీ అంటాడు మా ఆయన. ఆవిడకేమో చేత కాకపోవడం అనేది ఉన్నట్టు కనబడదు.

వాన ఇరవై రోజులుగా విడవకుండా పడుతోంది. గోడలు చెమరుస్తున్నాయి. నేను చెంచాతో బయలుదేరితే అత్తయ్య మరలోంచే దారి చెప్పేది.

"మేనేజరుదైతే మెట్ల వెనక బూడిదకుప్పలో చూడమ్మాయ్. నల్లదానిది రేకుల కింద. ఆ పసుపుదానికి సిగ్గెక్కువ, దాని జోలికి వెళ్లకు."

తాను మాత్రం వచ్చి చూపించేది కాదు. మోకాళ్ల నొప్పులు కాబోలనుకున్నాను.

మా వీధిలో పద్నాలుగు డబ్బాలు నిండాయి. చిక్కటి ఉప్పునీళ్లలో కలిపి, వడకట్టి, గొట్టంలో పోసి, పైన సన్నటి గాజుబిళ్ల పెట్టి ఇరవై నిమిషాలు వదిలేస్తే, గుడ్లుంటే పైకి తేలి బిళ్లకు అంటుకుంటాయి. మొదటి బిళ్ల మేనేజరుది. చూడగానే కళ్ల నిండా గుడ్లే. కోలగా, పల్చటి పెంకుతో, లోపల కణాల ముద్దతో. కొంకిపురుగు అనుకున్నాను. రెండోది చూశాను, అదే. పద్నాలుగింటిలో పన్నెండు అలాగే ఉన్నాయి.

కొంకిపురుగు గుడ్డుకి ఒక కొలత ఉంటుంది. ఆ కొలత చూడటానికి మైక్రోస్కోపులో పెట్టుకునే గీతల అద్దం ఒకటుంది. కంటికి అడ్డంగా ఉందని నేను దాన్ని ఎప్పుడో తీసి సొరుగులో పడేశాను. పద్దెనిమిదేళ్లు చూసిన కంటికి కొలబద్ద ఎందుకని. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఆ గుడ్లు కనబడగానే నాకు సంతోషం వేసింది. పిల్లులు పోతే ఎలుకలు చేరతాయి, ఎలుకలు చేరితే మర ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇవన్నీ వరసగా అనుకోలేదు గానీ, కలం మాత్రం చురుగ్గా నడిచింది. డాక్టరు చూడకుండా సంతకం పెట్టాడు.

వారానికి కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. పిండిమర వీధిలో పిల్లులన్నిటినీ వచ్చే సోమవారం బండి వచ్చి పట్టుకెళ్తుంది. మరవాళ్లు సహకరించగలరు.

అది చదివి వినిపించమని అత్తయ్య నాకే ఇచ్చింది. "కళ్లజోడు పైన మర్చిపోయా" అంది. చదివాను. ఆవిడ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ విన్నది.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేను చూసింది రాశాను అత్తయ్యా. కడుపునిండా కొంకిపురుగులు. అవి నెత్తురు తాగుతాయి. పిల్లి పాలిపోతుంది, చిక్కిపోతుంది. పిల్లలకి కూడా మంచిది కాదు."

"చిక్కిపోతుందా?"

"మరి? నెత్తురు తాగితే చిక్కిపోదా?"

ఆవిడ మేనేజర్ని రెండు చేతులా ఎత్తి పళ్లెంలో కూర్చోబెట్టింది. రెండో పళ్లెంలో తడుముతూ తూకపురాళ్లు పెట్టింది. ముల్లు మీద వేలు పెట్టి కాసేపు ఆగింది. ఇంకో రాయి పెట్టింది.

"వాన మొదలైనప్పుడు నాలుగు కిలోలు. ఇవాళ నాలుగు కిలోల రెండువందలు" అంది. "నెత్తురు తాగే పురుగులుంటే ఎలా పెరిగిందమ్మాయ్?"

"కడుపుతో ఉందేమో."

"ఈ వయసులోనా? నీకు పుణ్యముంటుంది, ఊరుకో."

మేడ మెట్లెక్కుతూ నాకు చిరాకేసింది. పద్దెనిమిదేళ్ల చదువుకీ అనుభవానికీ త్రాసు పెట్టి జవాబు చెబుతుందా అని. కానీ రెండువందల గ్రాములు మాత్రం బుర్రలోంచి పోలేదు. పెద్దదాన్ని వదిలేయండి, మిగతా పదకొండు? అన్నీ నిగనిగలాడుతున్నాయి. కొంకిపురుగు పట్టిన పిల్లి చిగుళ్లు కాగితంలా ఉంటాయి. మర్నాడు పొద్దున మేనేజరు ఆవులించినప్పుడు వంగి చూశాను. నోరంతా ఎర్రగా ఉంది.

ఆ రోజు మా పిల్లులన్నిటివీ కొత్త డబ్బాలు నింపుకుని ల్యాబుకి వెళ్లాను. సొరుగులో అడుగున దారపు ఉండ కింద దొరికింది గీతల అద్దం. తుడిచి పెట్టాను. కొంకిపురుగు గుడ్డు ఆ అద్దంలో ఆరు గీతలుంటుంది, మహా అయితే ఏడు. ముందున్న గుడ్డు కొలిచాను. పన్నెండు. పక్కది పదమూడు. మెల్లగా బిళ్లంతా జరుపుతూ పోతే ఒక గుడ్డులో ముడుచుకున్న కాళ్లు కనబడ్డాయి. పురుగుకి కాళ్లెక్కడివి? ఇంకొంచెం జరిపితే ఎనిమిది కాళ్లది, వెంట్రుకలది, పాపం ఉప్పునీళ్లలో చచ్చి తేలుతూ కనబడింది. పిండిలో పడే పురుగు. కంటికి ఆనదు. తేమ తగిలితే బస్తాలకు బస్తాలు పట్టేస్తుంది. పిల్లి ఒంటి మీద పిండి పడుతుంది, పిల్లి నాక్కుంటుంది, పురుగు గుడ్లు పిల్లి కడుపులోకి పోయి ఉన్నవి ఉన్నట్టే బయటికొస్తాయి. పిల్లికి వాటితో ఏ సంబంధమూ లేదు. మిగతా బిళ్లలూ కొలిచాను, ఎక్కడా కొంకిపురుగు లేదు. చదువుకునే రోజుల్లో మొదటి నెలలోనే చెప్పారు ఇలాంటివాటితో జాగ్రత్తని.

సాయంత్రం మర ఆగేదాకా ఆగి కిందికి వెళ్లాను. అత్తయ్య బస్తాలు సర్దుతోంది.

"అత్తయ్యా, నేను తప్పు చూశాను."

ఆవిడ చేయి ఆగింది.

"పిల్లులకి కొంకిపురుగుల్లేవు. రెండు చిన్నవాటికి ఏలికపాములున్నాయి, మాత్రతో పోతాయి. నేను చూసింది వేరే."

"వేరే ఏంటి?"

"పిండిలో పడే పురుగు గుడ్లు. పిల్లులు ఒళ్లు నాక్కున్నప్పుడు లోపలికి పోతున్నాయి."

ఆవిడ బస్తా వదిలేసి నా వైపు తిరిగింది.

"ఎవరి పిండిలో?"

ఈ ప్రశ్న వస్తుందని దారిపొడుగునా అనుకుంటూనే వచ్చాను, జవాబు మాత్రం తెచ్చుకోలేదు.

"కాగితంలో అదంతా రాయక్కర్లేదు" అన్నాను చివరికి. "నేను పొరపడ్డానని ఒక్క ముక్క రాస్తే బండి రాదు. ఎందుకు పొరపడ్డానో రాయను."

ఆవిడ వినిపించుకోలేదు. పళ్లెం ఒకటి తీసుకుని వెనక గదిలోకి వెళ్లి గుప్పెడు పిండి తెచ్చింది. కిటికీ గట్టు మీద పెట్టి, పిండిని కుప్పగా పోసి, వేళ్లతో మొనదేల్చింది. చిన్న గోపురంలా నిలబెట్టింది.

"మీ మామయ్య నేర్పాడు. మంచి పిండయితే రేపటికైనా ఇలాగే ఉంటుంది. పురుగు పడితే నడుస్తుంది, కుప్ప దానంతటది కూలిపోతుంది. వానాకాలం రోజూ చూసేదాన్ని."

ఇద్దరం చెరో బస్తా మీద కూర్చున్నాం. మేనేజరు నడుమ కూర్చుంది. వాన కాస్త తెరిపిచ్చి కిటికీలోంచి సాయంత్రపు ఎండ పళ్లెం మీద పడింది. పావుగంట గడిచింది, అరగంట కూడా అయిందేమో.

"నిలిచిందా?" అంది అత్తయ్య.

పళ్లెం ఆవిడకి మూరెడు దూరంలో ఉంది. దాని మీద ఎండ ఉంది. నేను పళ్లెం వైపు చూసి, తర్వాత ఆవిడ వైపు చూశాను. ఆవిడ చూపు పళ్లేనికి కొంచెం పక్కగా, గోడ మీద ఎక్కడో ఉంది.

"లేదత్తయ్యా" అన్నాను. "కూలింది."

మొన అరిగి, అంచులు జారి, కుప్ప పళ్లేనికి అంటుకుపోయి ఉంది.

ఆవిడ తలూపింది. నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముల్లు మీద వేలు, తడిమి పెట్టే రాళ్లు, ఎప్పుడూ పైనే ఉండిపోయే కళ్లజోడు, బూడిదకుప్ప దాకా రాని కాళ్లు.

"ఎన్నాళ్లయింది?"

"నాలుగేళ్లు. మొదట దీపాల చుట్టూ మసక. తర్వాత మొహాలు పోయాయి. గొంతులున్నాయిగా, సరిపెట్టుకున్నా. వాడికి తెలిస్తే మర మూసేయమంటాడు." కొంగు చివర వేలికి చుట్టుకుంది. "నీకే ఎక్కువ భయపడ్డా అమ్మాయ్. నీ పనే చూడటం కదా. ఇవాళ పట్టేస్తావు, రేపు పట్టేస్తావు అని రోజూ అనుకునేదాన్ని."

నాకు సిగ్గేసింది. ల్యాబులో గుడ్లు కొలిచినప్పుడు కూడా అంత సిగ్గు వేయలేదు.

"వాడికి చెప్పకు" అంది.

"చెప్తాను. మర మూయక్కర్లేదని కూడా నేనే చెప్తాను."

ఆవిడ లేచి పళ్లెంలో పిండిని నీళ్ల బకెట్లోకి ఒంపేసింది. "ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాయి. పిండిమర పిండిలో పురుగు అని రాయి. జనం తింటున్నారు ఆ పిండి."

మర్నాడు డాక్టరు నా కాగితం రెండుసార్లు చదివాడు. "మీరు పొరపడటమేంటి మేడమ్?" అన్నాడు, ఎవరో చెప్పిన అబద్ధం విన్నట్టు. "సొరుగులో ఉండాల్సింది నా పొగరు, గీతల అద్దం కాదు" అన్నాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మెల్లగా, మర్యాదగానే, ఇకమీదట నా బిళ్లల్లో పదింటికొకటి ఇంకొకరు కూడా చూస్తారని చెప్పాడు. అది ఇప్పటికీ నడుస్తోంది. బండి మాత్రం రాలేదు. మిగతా వీధుల బిళ్లలన్నీ అద్దం పెట్టి మళ్లీ చూశాను. పార్కు వెనక చేపలకొట్టు దగ్గరి మూడు పిల్లులకి అసలైన కొంకిపురుగుంది. కార్యాలయం ఇసుక మార్పించింది. ఆ మూడింటికీ మందు కలిపిన చేపముక్కలు నేనే పొద్దున్నే తీసుకెళ్లి, తినేదాకా నిలబడి చూశాను. దర్జీ మిషను ఆపి, "ఏమ్మా, ఇప్పుడు ముందునుంచి పెట్టడం కూడా నీ పనేనా?" అన్నాడు.

మర తలుపు మీద అంటించడానికి అత్తయ్య నాతోనే రాయించింది. 'పిండిలో పురుగు పట్టింది. శుభ్రం చేసి తెరుస్తాం. ఈ నెలలో పట్టుకెళ్లిన పిండి పారేయండి, బదులు ఇస్తాం.' మా ఆయన చూసి తల పట్టుకున్నాడు.

"వానల వల్ల మూశాం అని రాయొచ్చుగా అమ్మా?"

"వానేం చేసింది పాపం?" అంది ఆవిడ.

కళ్ల సంగతి నేను చెప్పినప్పుడు ఆయన అన్నాడు, "ఎలాగూ మూశాం కదా. ఇంకెందుకు తెరవడం? నీక్కూడా ఫ్లాటు కావాలంటివి."

పదకొండేళ్లుగా నేను వినాలనుకున్న మాట. ఎంత తేలిగ్గా వచ్చేసిందో.

"తెరుద్దాం" అన్నాను.

"నీకు మరంటే పడదుగా?"

"పడదు. అయినా తెరుద్దాం."

బస్తాలన్నీ పారబోయించి, గచ్చు మరిగే నీళ్లతో కడిగి, గోడలకి సున్నం వేయించాం. రోజుల తరబడి పిల్లులు నా మీద అలిగి రేకుల మీదే కూర్చున్నాయి. ఆ మధ్యలోనే కంటి ఆసుపత్రిలో అత్తయ్య రెండు కళ్లలో పొరలూ తీయించాం, ముందు ఒకటి, పదిహేను రోజులకి రెండోది. వానలు వెనకబట్టాయి. కొత్త కళ్లజోడు పెట్టుకుని ఆవిడ మొదటిసారి మరలోకి దిగిన రోజున నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. ఇంకా మర ఆడలేదు, రేపు తెరవాలి. సున్నపు వాసన తప్ప పిండి వాసన లేదు.

ఆవిడ త్రాసు చూసింది. మేనేజర్ని చూసి, "చెవి ఇంత పోయిందా దీనికి!" అంది. తర్వాత నా వైపు తిరిగింది. చూస్తూనే ఉంది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"ఇదేంటమ్మాయ్" అంది, నా చెవి పైన జుట్టు వేళ్లతో పట్టుకుని. "ఇది ఎప్పుడు నెరిసింది?"

"అది పిండి అత్తయ్యా" అన్నాను.

ఆవిడ ఆ పాయని బొటనవేలితో రుద్దింది. ఇంకోసారి రుద్దింది. వేలు ఎండలో పెట్టి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

"అవును, పిండే" అంది.